వాయిదాకు థ్యాంక్స్ చెప్పని రోజు

గుంటూరు కోర్టులో జూనియర్‌గా పనిచేసినవాళ్ళకు ఒక జబ్బు అంటుకుంటుంది. జడ్జిగారు ఏ ఆర్డరు వేసినా తల వంచి, "మచ్ ఆబ్లైజ్డ్" అనేస్తాం. స్టే ఇచ్చినా అదే మాట, పిటిషన్ కొట్టేసినా అదే మాట, నలుగురిలో చీవాట్లు పెట్టి వాయిదా వేసినా అదే మాట. నల్లకోటు విప్పేసి, మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట డబ్లిన్‌కి పడమటి కొసన ఉన్న బ్లాంచర్డ్స్‌టౌన్‌కి వచ్చి పడ్డాక కూడా ఆ జబ్బు నన్ను వదల్లేదు. దానివల్ల ఒక అమ్మాయి ఏడాది కష్టం గంగలో కలిసిపోయేది. కలవనివ్వలేదు. అదెలాగో చెబుతాను.

నా లా డిగ్రీ ఇక్కడ చెల్లదని తెలిసినప్పుడు కొన్నాళ్ళు ఉడికిపోయాను. తర్వాత, చెల్లకపోతే మళ్ళీ చదువుతాను, మీ సొమ్మేం పోయింది అనుకుని కాలేజీలో చేరాను. ముప్పయి నాలుగేళ్ళ వయసులో, పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య, మొదటి సంవత్సరం. మా ఆయనది వరంగల్. ఆయన అన్న మాట ఒక్కటే: "జర్ర చూస్కొని పో. నువ్వు చదువుకోనీకి పోతున్నవో కొట్లాటకు పోతున్నవో నాకైతే సమజైతలేదు."

ఆ అమ్మాయి కనిపించింది కాలేజీకి వెళ్ళే బస్సులో. నాలుగేళ్ళ కోర్సులో నాకంటే రెండేళ్ళు ముందు బ్యాచి. నల్లమ్మాయి, నడుము దాకా సన్నసన్నని జడలు, ఒళ్ళో కాంట్రాక్టు లా పుస్తకం. మన అలవాటు ప్రకారం పక్కన కూర్చోగానే అడిగేశాను, మీది ఏ దేశమని. ఇంగ్లీషులోనే, అచ్చమైన డబ్లిన్ యాసలో జవాబిచ్చింది.

"బ్లాంచ్, ఈ బ్లాంచర్డ్స్‌టౌనే. అమ్మావాళ్ళు నైజీరియా నుంచి వచ్చారు. మీరెప్పుడు వచ్చారు?"

"నాలుగేళ్ళయింది."

"నేను మీకంటే సీనియర్‌ని. పుట్టిన ఆసుపత్రి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చాను."

నవ్వింది గాని, ఆ ప్రశ్న ఆమె అప్పటికి ఎన్ని వందల సార్లు విని ఉంటుందో ఆ నవ్వులో తెలిసింది. సిగ్గేసింది. మర్నాడు ఆమె పక్కనే కూర్చుని కాంట్రాక్టు లా గురించి మాత్రమే మాట్లాడాను. అలా స్నేహం కలిసింది.

ఆ వసంతంలో కరోనా వచ్చి కాలేజీ మూసేశారు. పాఠాలన్నీ తెర మీదికి వచ్చాయి. ఇంట్లో వంటగది బల్ల నాకు, పడగ్గది మా ఆయనకు, మెట్లు మా అమ్మాయికి. మా అమ్మాయికి పదేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లీషే. ఆ ఏడాది అది నాతో ఎక్కువసార్లు అన్న మాట, "మమ్మీ, యూ ఆర్ ఆన్ మ్యూట్."

లైబ్రరీ కూడా మూతపడటంతో బస్సులో కలిసిన ఆ అమ్మాయి ఒక పని మొదలుపెట్టింది. లా చదివే నల్లపిల్లలు కాలేజీ మొత్తం మీద కొద్దిమందే. వాళ్ళందరినీ బుధవారం సాయంత్రాలు జూమ్‌లో కలిపేది. ఒకరి సీవీ ఒకరు దిద్దుకునేవారు. లా సంస్థల ఇంటర్వ్యూలు ఎలా ఉంటాయో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టుకుని నేర్చుకునేవారు. బ్లాంచర్డ్స్‌టౌన్ బడుల్లో చివరి ఏడాది చదివే పిల్లలు కూడా వచ్చి, "మాలాంటివాళ్ళని లాలో తీసుకుంటారా?" అని అడిగేవారు. పాత పుస్తకాలు ఒకరినుంచి ఒకరికి అందాలి. ఒక్కో పుస్తకం ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి, అందరి దగ్గరా కార్లు లేవు. నా దగ్గర పాత కారు ఉంది. పుస్తకాలు మోసే పని నేను తీసుకున్నాను. మాస్కు పెట్టుకుని షాపింగ్ సెంటర్ కార్ పార్కులో కిటికీలోంచి పుస్తకాలు అందిస్తుంటే, దొంగసరుకు అమ్మేవాళ్ళలా ఉన్నాం అని ఆమె పడీపడీ నవ్వేది.

ఆ మాటల్లోనే ఒకసారి అన్నాను, నన్నూ మీలో కలుపుకోవచ్చు, నేనూ నల్లదాన్నేగా అని. పెళ్ళిచూపులప్పుడు నా రంగుని 'చామనచాయ' అని మర్యాదగా దాచిన కథ చెప్పాను. ఆమె నవ్వలేదు.

"మీకు జరిగింది తప్పే. కానీ మీ వీధిలో జరిగిందీ, నాకు ఇక్కడ జరిగేదీ ఒకటి కాదు. ఈ బల్ల మాది. మీరు రండి, కూర్చోండి. బల్ల మీది అని మాత్రం అనకండి."

నాకు కోపం వచ్చింది. పుస్తకాలు మోస్తూ మాటలు కూడా పడాలా అనిపించింది. ఇంటికెళ్ళి అంట్లు తోముతూ ఆలోచిస్తే, ఆమె చెప్పినదాంట్లో నాకు ఎదురుచెప్పడానికి ఒక్క ముక్క దొరకలేదు. వాదనలో ఓడిపోతే ఒప్పుకోవడం మా వృత్తిధర్మం. మర్నాడు మళ్ళీ కారు తీశాను.

కార్ పార్కులో మమ్మల్ని చూసినవాళ్ళు ఊరుకుంటారా? మా జిల్లా అంకుల్ ఒకాయన, ఇక్కడి తెలుగువాళ్ళలో పెద్దమనిషి, ఫోన్ చేశారు.

"అమ్మాయ్, నీకెందుకమ్మా ఆ నల్లోళ్ళ గొడవ? పరాయి దేశం వచ్చాం, మన పని మనం చూసుకోవాలి గానీ. రేపు ఏదన్నా అయితే నీ పేరు కూడా రాసుకుంటారు. పోరు నష్టం, పొందు లాభం అన్నారు పెద్దలు."

"మరి ఆ పొందు వాళ్ళతోనే పెట్టుకున్నానండీ అంకుల్," అన్నాను.

ఆ పూటకు ఆయన ఫోన్ పెట్టేశారు. తర్వాత వాట్సాప్ గ్రూపులో, పిల్లల భవిష్యత్తు దృష్ట్యా తల్లులు ఎవరితో తిరగాలి అనే విషయం మీద ఎవరి పేరూ లేకుండా ఒక పొడుగాటి హితబోధ వచ్చింది. దండం పెట్టే బొమ్మలు చాలా పడ్డాయి. నేను గ్రూపులోంచి బయటికి రాలేదు. నేనెందుకు రావాలి?

బుధవారం సాయంత్రాల్లో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. ఆ రోజు ఒక నల్లజాతి బారిస్టరమ్మ తెర మీదికి వచ్చారు. అందరూ కెరీర్ గురించి పెద్దపెద్ద ప్రశ్నలు రాసుకొచ్చారు. మొదటి సంవత్సరం పిల్ల ఒకతి, జడలు తల మీద బుట్టలా చుట్టుకున్నది, చెయ్యెత్తి అడిగింది.

"నా జడల మీద కోర్టు విగ్ ఎలా నిలుస్తుందండీ?"

బారిస్టరమ్మ పగలబడి నవ్వి, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఇక్కడ విగ్ తప్పనిసరి కాదు. నేను పెట్టుకోను. నీకు పెట్టుకోవాలని ఉంటే జడలతో సహా కొలత ఇచ్చి పెద్దది చేయించుకో. జడలు విప్పమని ఎవరైనా అంటే, ఎందుకని అడుగు. అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడు." ఆ పిల్ల మొహం తెర మీద దీపం వెలిగినట్టు అయింది. ఆ ప్రశ్నను ఎన్నాళ్ళుగా లోపల పెట్టుకుని తిరుగుతోందో.

ఇదంతా చక్కగా సాగుతుంటే సంఘంగా కాలేజీ గుర్తింపు కోసం దరఖాస్తు ఎందుకు పెట్టాం అంటారా? కాలేజీలో గుర్తింపు ఉన్న సంఘానికే గది, ఈమెయిలు, కొత్త విద్యార్థుల మేళాలో బల్ల. అన్నిటికంటే ముఖ్యం, వేసవి శిక్షణకు పిల్లల్ని ఎంచుకునే లా సంస్థలు ఏటా విద్యార్థి సంఘాలతో ఒక సాయంత్రం మాట్లాడతాయి. గుర్తింపు లేనివాళ్ళకు ఆ పిలుపు రాదు. నా స్నేహితురాలు అప్పటికే ఎన్నో సంస్థలకు దరఖాస్తు పెట్టి, "ఈసారికి కాదు" అనే జవాబులు పోగేసుకుని ఉంది. చివరి సంవత్సరంలో ఉంది కాబట్టి గుర్తింపు వచ్చినా ఆమెకు ఆ శిక్షణ దొరకదు. నాకు రాకపోతే పోయె, జడల పిల్లకు రావాలి అనేది. నేను డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోయేలోపు ఇది నిలబడకపోతే బుధవారాలన్నీ నాతోపాటే పోతాయి అనేది.

సంఘానికి ఆమె ఆడిటర్. ఇక్కడి కాలేజీల్లో సంఘం అధ్యక్షుల్ని అలాగే పిలుస్తారు. "లెక్కలు చూస్తదా?" అన్నాడు మా ఆయన. అందరికీ తలుపు తెరిచిన సంఘమే కనుక నన్ను కార్యదర్శిని చేశారు. సంతకాలు పోగయ్యాయి. శరదృతువులో, విద్యార్థి సంఘాల్ని చూసే కమిటీ ముందు జూమ్‌లో మా విచారణ.

కమిటీ అధ్యక్షుడు మెత్తని గొంతు మనిషి. మంచివాడే. మంచివాళ్ళు వేసే వాయిదాలతోనే ప్రమాదం. ఇప్పటికే లా విద్యార్థులకు ఒక పెద్ద సంఘం ఉంది కదా, దానిలోనే మీకో చిన్న విభాగం పెట్టుకోవచ్చేమో, కొంచెం ఆలోచిద్దాం, "లీవ్ ఇట్ విత్ అస్" అన్నాడు. మన 'చూద్దాం లెండి'కి ఐరిష్ వేషం అది. చూద్దాం అన్నవాళ్ళు చూడరని నాకు తెలియదా? అయినా ఏం చేశాను? తెర ముందు తల వంచి, "మచ్ ఆబ్లైజ్డ్" అన్నాను.

ఆమె తక్కువ తిన్నదా! ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల. "గ్రాండ్, గ్రాండ్, థ్యాంక్స్ ఎ మిలియన్," అంది. గ్రాండ్ అంటే ఇక్కడ 'సరే, పర్లేదు' అని. ఇక్కడివాళ్ళకు ఆ మాట శ్వాస లాంటిది. కాలు తొక్కినవాడికి కూడా వీళ్ళే సారీ చెబుతారు.

వారం తర్వాత కమిటీ మినిట్స్ వచ్చాయి. నిర్ణయాన్ని వాయిదా వేయడానికి దరఖాస్తుదారులు సంతోషంగా అంగీకరించారు అని ఉంది. సంతోషంగా! ఆమె గ్రాండ్ అంది, నేను ఆబ్లైజ్డ్ అన్నాను. ఇద్దరి మర్యాదలూ కలిసి మా కేసుని మేమే కట్టగట్టి అటక మీద పెట్టుకున్నాం. ఫోన్లో ఆమె ఏడ్చింది. నేను తిట్టాను, ఎవర్ని తిట్టానో నాకే తెలియదు, తెలుగులో తిట్టాను. ఆమెకు అర్థం కాకపోయినా కొంచెం ఊరట కలిగిందని తర్వాత చెప్పింది.

చలికాలం మళ్ళీ లాక్‌డౌన్. ఇంటినుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. ఇద్దరిదీ ఒకటే పేట కాబట్టి పార్కులో దూరం దూరంగా నడిచేవాళ్ళం. గుంటూరులో మా సీనియర్‌గారు చెప్పిన మాట అక్కడ ఆమెకు చెప్పాను. వాదనలో ఓడిపోయిన కేసుల కంటే వాయిదాల్లో చచ్చిపోయిన కేసులే ఎక్కువ, అందుకని వాయిదా పడేలా ఉంటే పాస్ ఓవర్ అడగాలి అనేవారు. అంటే ఇంకో రోజుకు తొయ్యకండి, ఇవాళే, మిగతా కేసులన్నీ అయ్యాక మమ్మల్ని మళ్ళీ పిలవండి అని. అడిగాక హాలు దాటకూడదు. బెంచి క్లర్కు వెళ్ళిపొమ్మన్నా గోడకు ఆనుకుని నిలబడాలి. ఆర్డరు రాసుకున్నారని చూసుకున్నాకే గడప దాటాలి.

ఆమె నడక ఆపేసింది. "ఇక్కడి కోర్టుల్లోనూ ఉంది. సెకండ్ కాలింగ్ అంటారు."

"ఉంటే అడుగుదాం. అడగందే అమ్మయినా పెట్టదు," అన్నాను. ఆ సామెత ఇంగ్లీషులో విప్పి చెబితే, మా అమ్మ అడక్కుండానే బలవంతంగా పెడుతుంది అంది. మా అమ్మా అంతే అన్నాను. కాని ఇది అమ్మ కాదు, కమిటీ. ఇద్దరం అక్కడే ఒక ఒట్టు పెట్టుకున్నాం. ఈసారి ఆమె గ్రాండ్ అనకూడదు, నేను ఆబ్లైజ్డ్ అనకూడదు.

వసంతంలో, ఆ విద్యాసంవత్సరపు చివరి కమిటీ సమావేశం. ఇది దాటితే ఆమె ఇక విద్యార్థి కాదు. మా తరఫున బుధవారం పిల్లలందరూ వచ్చి, కెమెరాలు తెరిచి కూర్చున్నారు. అధ్యక్షుడు మళ్ళీ అదే మెత్తని గొంతుతో, ఏడాది ఎలాగూ అయిపోవచ్చింది కదా, శరదృతువులో తీరిగ్గా చూద్దాం అన్నాడు. మాలో ఎవరూ థ్యాంక్స్ చెప్పలేదు. అది ఆయనకు ఇబ్బందైనట్టుంది. తెర మీద పెద్దదాన్ని నేనొక్కదాన్నే కనిపించాను.

"మీరు ప్రాక్టీసు చేసినవారు కదా," అన్నాడు నాతో. "మా ఇబ్బంది మీకు అర్థమవుతుంది. మీరైనా వీళ్ళకు చెప్పగలరేమో."

నా ఒళ్ళు మండిపోయింది. నన్ను మెత్తని ముల్లు చేసి మా ఆడిటర్‌కే గుచ్చాలని ఆయన ఎత్తు. నోటి దాకా ఒక ఉపన్యాసం వచ్చింది. ఇచ్చి ఉంటే బ్రహ్మాండంగా ఉండేది కూడా. కాని బల్ల నాది కాదు.

"నేను జూనియర్‌ని సర్," అన్నాను. "మా సీనియర్ వాదిస్తున్నారు. ఆవిణ్ణి అడగండి."

ఇరవై ఒక్కేళ్ళ మా సీనియర్ వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. "వాయిదాకు మేం ఒప్పుకోవడం లేదు. అలాగని మినిట్స్‌లో రాయండి. ఇవాళే సెకండ్ కాలింగ్ ఇవ్వండి. మీ పనులన్నీ అయ్యేదాకా ఉంటాం."

అధ్యక్షుడు సరే అన్నాడు. తర్వాత మిగతా సంఘాల వంతు. పడవల పోటీలవాళ్ళు వచ్చారు. ఐదు కిలోమీటర్ల లోపల నది లేదని వాళ్ళ గోడు. చదరంగంవాళ్ళు వచ్చారు. నాటకంవాళ్ళలో వాళ్ళకే పడలేదు. మాలో ఒక్కరూ కదల్లేదు. మీరు వెళ్ళొచ్చు, ఈమెయిలు పెడతాం అని కమిటీలో ఎవరో చాట్‌లో రాశారు. "మేం ఉంటాం" అని ఆమె జవాబు రాసింది. మా అమ్మాయి గిన్నెలో పెరుగన్నం తెచ్చి నా మోచేతి దగ్గర పెట్టి, మ్యూట్‌లోనే ఉన్నానా లేదా అని చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళింది. మా ఆయన కుక్కర్ విజిల్ రాకుండా పొయ్యి ఆపేశాడు. అన్నం తినలేదు. కోర్టు హాల్లో తింటారా ఎవరైనా?

చివరికి మమ్మల్ని పిలిచారు. అదే ప్రశ్న: పెద్ద సంఘం ఉండగా విడిగా ఎందుకు?

ఆమె జడల పిల్లను మాట్లాడమంది. ఆ పిల్ల మైకు తెరిచి, బెదురుతూనే అడిగింది.

"నా జడల మీద కోర్టు విగ్ ఎలా నిలుస్తుందో మీలో ఎవరికైనా తెలుసా?"

కమిటీలో ఒకావిడ నిజాయితీగా, ఆ ఆలోచనే నాకెప్పుడూ రాలేదు అంది.

"మాకు తెలుసు," అంది మా సీనియర్. "ఒక బుధవారం అడిగి తెలుసుకున్నాం. మీరెవరూ కావాలని దాచలేదు. పెద్ద సంఘంలో ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేరు, ఉన్నా అడగడానికి సిగ్గుపడ్డారు. నేను మూడేళ్ళు సిగ్గుపడ్డాను. ఈ పిల్ల మొదటి ఏడాదే అడిగింది. ఎవరైనా రావచ్చు మా దగ్గరికి, మా కార్యదర్శిని చూడండి. కాని ఈ ప్రశ్నల్ని ఒక మూలకు నెట్టి చిన్న విభాగం చేయడానికి మేం ఒప్పుకోం. అవునో కాదో ఇవాళ చెప్పండి. కాదంటే కారణం రాసివ్వండి, మేం దాని మీద పైకి వెళ్తాం."

కమిటీవాళ్ళు వేరే గదిలోకి వెళ్ళి వచ్చారు. గుర్తింపు ఇచ్చారు, ఏడాది తర్వాత మళ్ళీ సమీక్షిస్తామని మెలిక పెట్టి. మెలిక పెట్టకపోతే అది కమిటీ ఎందుకవుతుంది?

అప్పుడు అధ్యక్షుడు ఆగాడు. కృతజ్ఞతల కోసం ఆగాడు. నా నాలుక చివర ఆ మాట వచ్చి నిలబడింది. పళ్ళు బిగించాను. మా సీనియర్ పెదవులు కూడా బిగుసుకోవడం చూశాను. అంతమంది మర్యాదస్థుల పిల్లలు, ఒక్కరూ కిక్కురుమనలేదు.

"రాసుకున్నది ఒకసారి చదివి వినిపించండి," అంది ఆమె.

చదివారు. ఒక మాట తప్పుంటే దిద్దించింది. మళ్ళీ చదివారు. అప్పుడు 'బై' అంది. ఇక్కడివాళ్ళు ఫోన్ పెట్టేముందు బై బై బై బై అని పాట పాడతారు. ఆమె ఒక్కసారే అంది. తెర ఆగిపోయాక నేను వంటగదిలో నిలబడి ఏడ్చాను. మా ఆయన పొయ్యి మళ్ళీ వెలిగించి, "గెలిచినట్టా, ఓడినట్టా?" అన్నాడు. "ఇది మా హక్కు," అన్నాను, ఆయనేదో కాదన్నట్టు.

ఆ సంస్థల సాయంత్రానికి మా సంఘానికి పిలుపు వచ్చింది. మా బుధవారం పిల్లల్లో ఇద్దరికి వేసవి శిక్షణ దొరికింది. మా సీనియర్‌కు దొరకలేదు, దొరకదని ముందే తెలుసు. డిగ్రీ కూడా తెర మీదే పుచ్చుకుంది. తర్వాత డబ్లిన్‌కి దూరంగా, కార్లో అనే ఊళ్ళో ఒక చిన్న సొలిసిటర్ ఆఫీసులో చేరింది. రోజూ పొద్దున్నే రైలు. అది న్యాయం కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, అనిపించిందని ఇక్కడ రాస్తున్నాను.

తరువాతి శరదృతువులో కాలేజీ తెరిచారు. మాకొక గది ఇచ్చారు, కిటికీలన్నీ తెరిచి, మాస్కులతో కూర్చున్నాం. జడల పిల్లే ఇప్పుడు ఆడిటర్. మా సీనియర్ ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది. బారిస్టరమ్మ, తనకెలాగూ అక్కర్లేదని, ఎవరో ఇచ్చిన పాత విగ్ ఒకటి పంపించారు. జడల పిల్ల దాన్ని తల మీద పెట్టుకుంది. అది జడల బుట్ట మీద చిన్న గిన్నెలా కూర్చుని, తల తిప్పగానే కింద పడింది. అందరూ నవ్వారు, అందరికంటే ఎక్కువ ఆ పిల్లే నవ్వింది.

"జడలు మాత్రం తియ్యను," అంది విగ్ దులుపుతూ. "కొలత ఇచ్చి పెద్దది చేయమని అడుగుతాను."

మా సీనియర్ నా వైపు చూసింది. ఆ పిల్లకు చెప్పాల్సింది చెప్పమన్నట్టు.

"అడుగు," అన్నాను. "తర్వాత చూద్దాం అంటే మాత్రం థ్యాంక్స్ చెప్పకు."